బీగాలమ్మ రెట్టింపు

సందు మొదట్లో, చెప్పుల దుకాణానికీ పూల దుకాణానికీ మధ్య, ఒక మనిషి నిలబడితే నిండిపోయేంత కొట్టు ఉండేది. అందులో తాళంచెవులు కోసే ఆమెను వీధి వీధంతా బీగాలమ్మ అనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు తెచ్చే ఆయనకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

చేసే పనిని బట్టే ఆ పేరు వచ్చిందనుకుంటే అది సగమే నిజం. మిగతా సగం ఆమె జాగ్రత్తను బట్టి వచ్చింది. కొట్టు కట్టేశాక బీగం లాగి చూసేది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసేది. మలుపు తిరిగే ముందు ఆగి, దూరం నుంచే కళ్ళతో ఇంకోసారి లాగి చూసేది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కనిపిస్తే గొడుగు లేకుండా గడప దాటేది కాదు. పెళ్ళికి సరేననడానికే రెండేళ్ళు ఆలోచించింది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త ఆ రెండేళ్ళూ ఏదో ఒక తాళంచెవి పోగొట్టుకున్నానంటూ కొట్టు చుట్టూ తిరిగాడు.

ఆమె తండ్రిదీ ఇదే పని. చిన్నప్పుడు ఆకురాయి చేతికిచ్చి, ఎక్కువ అరగదీశావంటే ఇత్తడి మళ్ళీ అతుక్కోదమ్మా అని ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆ మాట ఆమె ఒక్క ఇత్తడికే కాక అన్నింటికీ అన్వయించుకుంది.

అలాంటి ఇంట్లోకి మామగారు వచ్చిపడ్డాడు. ఆయన రిటైరైన ట్రాము డ్రైవరు. భార్య పోయాక ఒంటరిగా ఉంటూ, మేడమెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడదాకా సిమెంటు కట్టుతో, ఒక చేతిలో కర్రతో, చంకలో మడతపెట్టిన చెక్కపెట్టెతో దిగాడు.

"బట్టలేవి నాన్నా?" అన్నాడు కొడుకు.

"అవి తర్వాత తీసుకురా. ఇది ముందు టేబుల్ మీద పెట్టు, జాగ్రత్త."

ఆ పెట్టె విప్పితే బ్యాక్‌గామన్ బోర్డు. అటు పన్నెండు, ఇటు పన్నెండు కోసుగా ఉన్న గళ్ళు, నడుమ ఒక గట్టు, నల్లవి పదిహేను, తెల్లవి పదిహేను బిళ్ళలు, పాచికలు. బిళ్ళల్ని ఆయన కాయలనేవాడు. కాలు కదపలేని మనిషికి పొద్దు పోవాలి గనుక, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న కోడలినే ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇందులో పెద్ద బ్రహ్మవిద్యేం లేదమ్మాయ్. పాచికల మీద పడిన పందెాన్ని బట్టి నీ కాయలు ఇటు నుంచి అటు, నావి అటు నుంచి ఇటు. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా ట్రాములు నడిపినట్టు. రెండు కాయలు ఒక గడిలో ఉంటే అది జంట, నేనక్కడ దిగలేను. ఒక్కటే ఉంటే ఒంటికాయ. నా పందెం దాని మీద పడిందా, కొట్టేస్తా."

"కొట్టేస్తే?"

"నడుమ ఈ గట్టెక్కి కూర్చుంటుంది. మళ్ళీ మొదటి నుంచి ప్రయాణం. బయట ఎక్కడైనా గట్టెక్కామంటే బతికిపోయామని. ఇక్కడ గట్టెక్కామంటే చచ్చామని."

కాయలన్నీ తిరిగి తిరిగి తన ఇంటికి, అంటే బోర్డులో తన మూలనున్న ఆరు గళ్ళలోకి, చేరాక ఒక్కొక్కటే బయటికి తీసెయ్యాలి. దాన్ని ఆయన కాయ పండటం అనేవాడు. ముందు ఎవరివన్నీ పండితే వాళ్ళు గెలిచినట్టు.

బీగాలమ్మ ఆడిన తీరు ఊహించడం కష్టం కాదు. ఒంటికాయ మాట వినగానే ఆమెకు ఒళ్ళు జలదరించింది. ప్రతి కాయకూ పక్కన ఇంకో కాయను తోడు పెట్టింది. తోడు దొరక్కపోతే ఉన్నచోటే ఉంచింది. కాసేపటికి ఆమె కాయలన్నీ రెండే రెండు గళ్ళలో, గోడౌన్లో అట్టపెట్టెల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. ఆ తర్వాత ఏ పందెం పడినా కదలడానికి దారిలేక, ఉన్న జంటల్నే విడగొట్టుకుని చావుదెబ్బ తినేది. ఆమె కాయ ఒక్కటైనా పండకముందే ఆయనవన్నీ పండిపోయేవి. అలా ఓడితే గామన్ అంటారట, రెండాటలు ఓడినట్టు లెక్క. ఆ నెల్లో ఆమె గామన్లు తప్ప మామూలు ఓటమి ఎరగదు.

ఒకనాడు ఆయన పాచికలు కింద పెట్టేశాడు.

"అమ్మాయ్, నీకు ఒంటికాయంటే ఎందుకంత భయం?"

"కొట్టేస్తారుగా మామయ్యా."

"కొట్టనీ. ఆట మొదట్లో కొడితే పోయేదేముంది? గట్టు మీది కాయ దిగేది నా ఇంట్లోకేగా, అక్కడ నేనింకా జంటలు కట్టి తలుపులు వెయ్యలేదు. మళ్ళీ దర్జాగా లోపలికి వస్తావు. పోతే నాలుగడుగులు పోతాయి, పోకపోతే మంచి గడి దొరుకుతుంది. నా తలుపులన్నీ మూసుకున్నాక భయపడు, అప్పుడు అర్థముంది. నువ్వు తలుపు తీసున్నప్పుడు వణికి, మూశాక తోసుకొస్తున్నావు."

తలుపుల సంగతి చెబితే ఆమెకు అర్థం కాకపోవడమేమిటి? మర్నాడు పొద్దున మొదటి పందెంలోనే గుండె చిక్కబట్టుకుని ఒక కాయను ఒంటరిగా తన ఇంటి ముంగిట్లోకి దింపింది. ఆయన పాచికలు వేశాడు. తగల్లేదు. ఆమె రెండో కాయను దాని పక్కన చేర్చింది. ఒక గడి మూసుకుంది. ఆపైన ఇంకోటి. మధ్యాహ్నానికి వరసగా ఆరు గళ్ళు మూసి గోడ కట్టింది. పాచిక మీద ఆరుకు మించి అంకె లేదు గనుక ఆ గోడను దూకే పందెమే లేదు. గోడ వెనక మామగారి కాయలు రెండు బిక్కచచ్చి కూర్చున్నాయి.

ఆమె మొదటిసారి గెలిచింది. గెలిచి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా, వంటింట్లో ఉన్న జాగాలోనే గిర్రున తిరిగింది. పని నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది?"

"నేను ఒంటికాయ వదిలాను" అంది ఆమె, నవ్వు ఆపుకోలేక.

భర్తకు ముక్క అర్థం కాలేదు. అయినా తనూ నవ్వాడు.

కట్టు విప్పాక మామగారు తన ఇంటికి వెళ్ళిపోతాడనుకున్నారు. ఆయన వెళ్ళనూ లేదు, వాళ్ళు వెళ్ళమననూ లేదు. రోజూ కొట్టు ముందు స్టూలేసుకుని, తాళంచెవి కోసం వచ్చినవాళ్ళతో ఆడేవాడు. మిషను గిర్రుమంటుంటే లోపలి నుంచి బీగాలమ్మ, "ఆరూ ఐదూ పడిందా? అయితే వెనకాల కాయను లేపి పరిగెత్తించండి" అని కేకేసేది. తాళంచెవి చేతికొచ్చినా జనం కదిలేవారు కాదు.

ఆ రోజుల్లోనే మామగారిలో ఏదో మార్పు వచ్చింది. వంకాయరంగు చొక్కా ఒకటి కొన్నాడు. మీసాలకు నూనె రాసుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం కాగానే కాలు గాలిన పిల్లిలా తిరిగి, వీధి చివరి కాఫీ హోటలుకు బయల్దేరేవాడు. అక్కడ బ్యాక్‌గామన్ ఆడేవాళ్ళ జట్టు ఉంది. ఆ జట్టుకు మకుటంలేని మహారాణి, ఆస్పత్రిలో కాన్పుల వార్డు నుంచి రిటైరైన నర్సమ్మగారు. ఆ వీధిలో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆమే. బీగాలమ్మ భర్తనైతే కాళ్ళు పట్టుకుని లాగిందట. కనిపించినప్పుడల్లా, "తిన్నగా రాలేదురా నువ్వు" అని నలుగురిలో గుర్తుచేసేది. ఏటా వానాకాలంలో హోటలువాళ్ళు పెట్టే పోటీలో కప్పు ఆమెదే. అది ఆమె ఇంటి అద్దాల బీరువాలోంచి కదిలి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు.

ఆ ఏడు పోటీకి మామగారితోపాటు కోడలూ పేరిచ్చింది. పేరిచ్చే ముందు వారం ఆలోచిస్తుందనుకున్నారు. కాఫీ చల్లారకముందే ఇచ్చేసింది.

చివరికి నలుగురు మిగిలారు. మామగారు మందుల షాపాయన్ని చిత్తు చేసి, మీసం తడుముకుంటూ లేచాడు. రెండో టేబుల్ దగ్గర బీగాలమ్మకు ఎదురుగా నర్సమ్మగారు కూర్చుంది.

ముందు ఐదు పాయింట్లు ఎవరివైతే వాళ్ళది గెలుపు. అటూ ఇటూ చేసి మూడూ మూడూ అయ్యాయి. నర్సమ్మగారు నింపాదిగా అద్దాలు తుడుచుకుంటోంది. బీగాలమ్మ బోర్డు పక్కనున్న రెట్టింపు పాచికను అందుకుంది. రెండు, నాలుగు, ఎనిమిది అని అంకెలున్న పెద్ద పాచిక అది. ఆట విలువ పెంచాలనుకున్నవాళ్ళు తమ వంతులో దాన్ని ఎదుటివాళ్ళ ముందు పెడతారు. ఒప్పుకుంటే ఆట రెట్టింపు. ఒప్పుకోకపోతే అక్కడికక్కడే ఉన్న విలువకు ఓడినట్టు.

"ఇంకా ఆట మొదలే కాలేదు కదే పిల్లా" అంది నర్సమ్మగారు.

"తాడోపేడో ఈ ఒక్క ఆటలోనే తేల్చేద్దామండి."

"నువ్వేనా ఈ మాటనేది? బీగం లాగి లాగి పిడి ఊడదీసే దానివి." నర్సమ్మగారు పాచికను తన వైపు పెట్టుకుంది. "సరే, కానీ."

బీగాలమ్మ ఆడిన ఆట చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. రెండేసి ఒంటికాయల్ని బాహాటంగా వదిలేసింది. ఒకటి దెబ్బతిని గట్టెక్కింది, మళ్ళీ లోపలికి దూకింది. వరసగా ఐదు గళ్ళు మూసింది. ఆరో గడిలోకి ఒక్క కాయే చేరింది. దాన్ని కొట్టాలంటే, గోడ వెనక చిక్కిన కాయతో నర్సమ్మగారికి ఆరు పడాలి. ముప్పై ఆరు పందేల్లో పదకొండింటిలో ఆరుంటుంది. బీగాలమ్మ ఆ లెక్క వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నర్సమ్మగారికి ఐదూ నాలుగూ పడ్డాయి. తర్వాతి పందెంలో బీగాలమ్మ ఆరో తలుపూ మూసేసింది.

ఆపైన నర్సమ్మగారు చేయగలిగిందల్లా పాచికలు వేసి బిక్కమొగం పెట్టడమే. ఆట ముగిసేసరికి హోటలు దద్దరిల్లింది. బీగాలమ్మ కుర్చీలోంచి లేచి కాఫీ హోటలాయన్ని వాటేసుకోబోయి, చివరి క్షణంలో గుర్తొచ్చి, ఆయన చేతిలోని పళ్ళేన్ని వాటేసుకుంది.

అప్పుడు చూసింది మామగారిని. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది మామయ్యా? బాగా ఆడలేదా?"

"అద్భుతంగా ఆడావమ్మా. అదే గొడవ."

నసుగుతూ నసుగుతూ సంగతి బయటపెట్టాడు. నర్సమ్మగారిని పెళ్ళి చేసుకుంటానని అడిగాడట. ఆమె నవ్వి, "ఈ ఏడు కప్పు గెలిచి రండి. అప్పుడు మాట్లాడదాం. గెలవలేదా, ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు" అందట. ఎలాగోలా ఆమెనే ఓడించాలని ఆయన పగలూ రాత్రీ సాధన చేస్తున్నాడు.

"మరి ఇప్పుడు కప్పుకు అడ్డం ఆమె లేదుగా. మంచిదేగా" అంది బీగాలమ్మ.

"ఆమె లేదు. నువ్వున్నావు."

"ముందే చెప్పొచ్చుగా మామయ్యా."

"చెబితే నువ్వు కావాలని ఓడేదానివి. అదేం ఆట?"

సంగతి వీధంతా పాకడానికి ఎంతసేపు కావాలి? మర్నాడు ఆఖరి ఆటకు చెప్పుల దుకాణమూ పూల దుకాణమూ కట్టేసి మరీ వచ్చారు. మామగారు వంకాయరంగు చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. కొడుకు తండ్రి వెనక నిలబడాలా, భార్య వెనక నిలబడాలా తేల్చుకోలేక సరిగ్గా మధ్యలో, దీపస్తంభంలా నిలబడ్డాడు. నర్సమ్మగారు కాఫీ కప్పు పట్టుకుని బోర్డు పక్కనే కుర్చీ వేసుకుంది.

మొదటి పందెంలోనే బీగాలమ్మ కావాలని ఒక పిచ్చి ఎత్తు వేసింది.

"వెనక్కి తీసుకో" అన్నాడు మామగారు.

"ఆడేశాను మామయ్యా."

"వెనక్కి తియ్యి. మూడూ ఒకటీ పడితే ఎక్కడ జంట కట్టాలో నేను నేర్పలేదూ?"

"నేనూ చూస్తున్నాను" అంది నర్సమ్మగారు. "దొంగాట ఆడి తెచ్చిన కప్పు నాకొద్దు. దాంతో వచ్చే మొగుడూ వద్దు."

ఇక నిజాయితీగా ఆడక తప్పలేదు. నిజాయితీగా ఆడుతూ, చిన్న పందేలు పడాలని మనసులో మొక్కుకుంది. ఆరూ ఆరూ పడ్డాయి. రెండూ ఒకటే అయితే నాలుగు ఎత్తులు. ఆమె కాయలు గంతులేసుకుంటూ ఇల్లు చేరాయి. పాచికలు మార్చమంది. మార్చిన పాచికలతో ఐదూ ఐదూ పడ్డాయి. కళ్ళు మూసుకుని వేసింది, ఎడంచేత్తో వేసింది, మొగుణ్ణి ఊదమని వేసింది. ఎలా వేసినా రెండు పాచికల మీదా ఒకే అంకె. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. పూల దుకాణామె నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. పాయింట్లు పోతున్నకొద్దీ మామగారు కూడా ఏడుపుమొహం పెట్టబోయి, పెట్టలేక, భుజాలు ఎగిరేలా నవ్వడం మొదలుపెట్టాడు.

ఆఖరి ఆటలో ఆమె కాయలు సగానికి పైగా పండిపోయాయి. ఆయన కాయ ఒకటి గట్టు మీదే ఉంది. అప్పుడు, ఎటూ తప్పించుకోలేని పందెం పడి, ఆమె ఇంటి నాలుగో గడిలో ఒక ఒంటికాయ మిగిలింది. నాలుగు పడితే ఆయన కాయ లోపలికి దిగుతూనే దాన్ని కొడుతుంది. ఆట మొత్తం తిరగబడుతుంది. హోటల్లో చెంచా చప్పుడు కూడా లేదు.

మామగారు పాచికల్ని గుప్పిట్లో చాలాసేపు గిలకరించి, ఉన్న ప్రాణమంతా పెట్టి విసిరాడు. ఒకటి బోర్డు మీద రెండు చూపిస్తూ ఆగింది. రెండోది బోర్డు అంచున తగిలి ఎగిరి, నర్సమ్మగారి కాఫీలో బుడుంగున మునిగింది.

నర్సమ్మగారు తొణక్కుండా కాఫీ అంతా తాగి, కప్పు వంచి చూసింది.

"నాలుగు" అంది.

జనం గొల్లుమన్నారు. ఆమె చెయ్యెత్తింది. "బోర్డు దాటిన పందెం చెల్లదు. రెండూ మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశాడు. మూడూ ఒకటీ పడ్డాయి. కొంతసేపటికి బీగాలమ్మ చివరి కాయ కూడా పండింది. కప్పు ఆమెదయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామగారే ముందు లేచి, కోడలి తల మీద చెయ్యి వేసి, "బంగారంలాంటి ఆట" అన్నాడు. నర్సమ్మగారు ఖాళీ కప్పులోకే చూస్తోంది.

అప్పుడు బీగాలమ్మ ఏ ఆలోచనా లేకుండా చెయ్యి చాచి, రెట్టింపు పాచికను అందుకుంది. రెండు పైకి వచ్చేలా తిప్పి నర్సమ్మగారి ముందు పెట్టింది.

"ఆట అయిపోయిందిగా. ఇదెందుకు?" అంది నర్సమ్మగారు.

"కప్పు మా ఇంటికొచ్చింది. దాన్ని మీ బీరువాకే తిరిగి ఇచ్చేస్తాను. దాంతోపాటు మా మామయ్యని కూడా ఇస్తున్నాను. ఒప్పుకుంటారా, వదులుకుంటారా?"

భర్త నోరు వెళ్ళబెట్టాడు. మామగారికి చెమటలు పట్టాయి. నర్సమ్మగారు అద్దాలు పెట్టుకుని ఆయన్ని మీసాల నుంచి చెప్పులదాకా, వార్డులోకి కొత్తగా వచ్చిన కేసును చూసినట్టు చూసింది.

"ఓడిపోయేలా ఉన్నా సరే, నాలుగింట ఒక వంతు ఆశ ఉంటే రెట్టింపు ఒప్పుకోవాలంటారు. ఈయన దగ్గర ఆ మాత్రం ఉందంటావా?"

"ఉంటుందండి. అంట్లు కూడా తోముతారు."

నర్సమ్మగారు పాచికను తీసి తన వైపు పెట్టుకుంది. హోటలు పైకప్పు ఎగిరిపోయేంత గోల లేచింది. ఆ గోల మధ్యలోనే ఆమె వేలెత్తింది.

"ఆగండి. ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే పాచిక ఉంటుంది. మళ్ళీ రెట్టించే హక్కు నాదే." పాచికను నాలుగు వైపు తిప్పి మామగారి ముందు పెట్టింది. "కాపురం మా ఇంట్లో. ఆ చొక్కా మాత్రం మీ కొడుకింట్లోనే ఉండాలి."

"ఒప్పుకున్నా" అన్నాడాయన, ఆమె మాట పూర్తికాకుండానే.

ఆ తర్వాతి సోమవారం నలుగురూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళారు. వీళ్ళ ముందు ఇంకా చాలా జంటలున్నాయి. బెంచీ మీద బోర్డు తెరిచారు. గుమాస్తా వీళ్ళను మొదటిసారి పిలిచినప్పుడు నర్సమ్మగారు, "ఒక్క నిమిషం నాయనా, ఈయన గట్టు మీదున్నారు" అంది. రెండోసారి పిలవడానికి గుమాస్తా స్వయంగా లేచి వచ్చాడు. వచ్చి బోర్డు వైపు వంగి, ఆ వెనక జంటను ఇప్పుడే విడగొట్టకండి సార్ అన్నాడు. లోపల్నుంచి రిజిస్ట్రారు గంట కొట్టేదాకా అక్కడే ఉన్నాడు.

సంతకాల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. ఎవరు ముందు చెయ్యాలి? ఆట ఎవరు మొదలుపెట్టాలో తేల్చుకున్నట్టే తలా ఒక పాచిక వేశారు. ఐదూ ఐదూ. సమానమైతే మళ్ళీ వెయ్యాలి. రెండూ రెండూ. మళ్ళీ వేశారు, ఒకటీ ఒకటీ. బీగాలమ్మకు నవ్వుతో ఎక్కిళ్ళు పట్టుకుని, సాక్షి సంతకం చెయ్యాల్సిన కలం చేతిలోంచి జారి బల్ల కిందికి పోయింది. రిజిస్ట్రారు కూడా తన కాగితాలు పక్కకు జరిపి పాచికలు దొర్లడానికి చోటిచ్చాడు. చివరికి నర్సమ్మగారికి ఆరు, మామగారికి మూడు పడ్డాయి. ఆమె గెలిచినదాని ఠీవితో సంతకం చేసి, కలం ఆయన చేతికిచ్చింది. ఆయన తన పేరులో ఒక అక్షరం మర్చిపోయాడు. బల్ల కింద కలం వెతుకుతున్న కొడుకు తల పైకెత్తి, ఆ అక్షరం ఏదో అందించాడు.